గుమ్మం ముందు పదమూడు జతలు

2018 ఏప్రిల్‌లో నన్ను బిలాస్‌పూర్ నుంచి భిలాయికి చీఫ్ వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. రైల్వేతో సంబంధం లేనివారికి ఈ హోదా గురించి కొంత చెప్పాలి. పేరులో సంక్షేమం ఉన్నా మా పనిలో సగం విచారణే. ఉద్యోగి చనిపోతే అతని అసలు వారసులెవరో తేల్చాలి. పాసు మీద ప్రయాణం చేసినవాడు కొడుకో, బావమరిదో చూడాలి. సిక్ లీవు పెట్టినవాడు మంచం మీద ఉన్నాడా, పెళ్లిలో ఉన్నాడా కనుక్కోవాలి. క్వార్టరు ఎవరి పేరున ఇచ్చామో వాళ్లే అందులో ఉంటున్నారా, బయటివాళ్లను పెట్టారా అన్నది కూడా మా లెక్కలోకే వస్తుంది. ఇరవై ఏడేళ్లు ఈ పని చేశాక, ఎవరైనా నమస్కారం పెడితే ఎందుకు పెడుతున్నాడా అని ఆలోచించే స్థితికి వచ్చాను. కూరలో ఉప్పు తగ్గినా విచారణ వేస్తానని మా ఆవిడ ఎగతాళి చేసేది.

జూన్ చివర్లో నా బల్ల మీదికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. వ్యాగన్ రిపేరు షెడ్డులో టెక్నీషియన్ ఈశ్వరరావు తన క్వార్టరులో బయటివాళ్లను పెట్టాడని, బుధవారం మధ్యాహ్నాలు కిటికీలు మూసుకుని లోపల ఏదో నడుపుతున్నారని అందులో ఉంది. సంతకం లేని ఉత్తరం మీద చర్య తీసుకోకూడదని నిబంధన. దాన్ని ఫైలులో పెట్టి మరిచిపోవాలి. కానీ మాలో ఎవరమూ మరిచిపోయేవాళ్లం కాదు. ఉత్తరం సంగతి ఎత్తకుండా, మామూలు తనిఖీ అని రాసుకుని బయలుదేరేవాళ్లం. నేనూ అదే చేశాను.

ముందు అతని డ్యూటీ చార్టు తెప్పించాను. ఈశ్వరరావు ఏడాదిగా తోటివాడితో షిఫ్టులు మార్చుకుని దాదాపు అన్నీ రాత్రి డ్యూటీలే చేస్తున్నాడు. ఇద్దరూ ఒప్పుకుంటే షెడ్డులో అలా మార్చుకోనిస్తారు. రాత్రి డ్యూటీ కావాలని కోరి అడిగేవాడు పగలు ఇంకో వ్యాపారం చేస్తుంటాడని మా అనుభవం. నా అనుమానానికి అది మొదటి మేకు.

తర్వాత మూడు బుధవారాలు వరుసగా ఆ వీధిలో నడిచాను. ఉత్తరంలో రాసిందంతా అక్షరాలా ఉంది. కిటికీలకు లోపలి నుంచి మందపాటి దుప్పట్లు కట్టారు. కాలింగ్ బెల్లు తీగ పీకేసి ఉంది. రెండు గంటలకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తలుపు మెల్లగా గోకితే లోపలికి తీసుకుంటున్నారు. లోపలి నుంచి మాట వినపడదు, పాట వినపడదు. చిట్టీలా, ట్యూషనా, ప్రార్థన కూటమా అని ఒక్కొక్కటే తూచి చూశాను. మా అమ్మ వైపువాళ్లు క్రైస్తవులు. మా ఇంట్లో బుధవారం ప్రార్థనలు జరిగితే వీధి చివరి దాకా వినపడేవి. కనుక అది కాదని కొట్టేశాను.

ఇక మా వృత్తిలో ఒక చిట్కా ఉంది. లోపలికి వెళ్లకుండా ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో తెలియాలంటే గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టాలి. నా పై అధికారి ఒకాయన ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పారు. మనిషి అబద్ధం చెప్తాడు గాని చెప్పు చెప్పదనేవారు. ఈశ్వరరావు రికార్డు ప్రకారం ఇంట్లో ఉండాల్సింది ముగ్గురు: అతను, భార్య సుజాత, నాలుగున్నరేళ్ల కూతురు పింకీ. గుమ్మం పక్కన గోడ వెంబడి, మూడు బుధవారాలూ పదమూడు జతలు ఉన్నాయి. మగవాళ్లవి, ఆడవాళ్లవి, పిల్లలవి. పైగా అవి వచ్చినవాళ్లు విడిచినట్టు చిందరవందరగా లేవు. తీర్చి పెట్టినట్టు ఉన్నాయి. ఇది ఎప్పటినుంచో అలవాటైన వ్యవహారమని అర్థం చేసుకున్నాను.

'సదరు క్వార్టరులో అనుమతి లేని వ్యక్తులు నివసిస్తున్నట్టు పాదరక్షల సంఖ్యను బట్టి స్పష్టమవుతోంది' అని ప్రాథమిక నివేదిక రాశాను. మామూలుగా తనిఖీ తర్వాత నోటీసు ఇస్తారు. నా నివేదిక అంత గట్టిగా ఉండటంతో మా అధికారి ముందే సంజాయిషీ నోటీసు మీద సంతకం చేసి నా చేతికిచ్చారు. క్వార్టరు ఎందుకు రద్దు చేయకూడదో పదిరోజుల్లో ఆధారాలతో జవాబివ్వాలని అందులో ఉంది. జవాబు రాకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

నాలుగో బుధవారం, క్వార్టర్ల మరమ్మతులు చూసే సూపర్‌వైజరు మిశ్రాగారిని సాక్షిగా వెంటబెట్టుకుని వెళ్లాను. సుజాత తలుపు సగం తీసింది. నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను. ఆమె దాన్ని ఇంకా చదువుతుండగానే, కొలత నమోదు చేసుకుందామని నేను వరుసలోంచి ఒక మగవాళ్ల చెప్పు తీసి పక్కన పెట్టాను.

లోపలి నుంచి ఒక చిన్నపిల్ల వచ్చింది. చెప్పు ఉండాల్సిన ఖాళీ చోటు చూసింది. ఆ తర్వాత ఆ పిల్ల పెట్టిన కేక నేను మరిచిపోలేదు. తలను గడపకేసి కొట్టుకోబోతే సుజాత తన అరచెయ్యి అడ్డం పెట్టింది. అక్కడే నేల మీద కూలబడి, పిల్లను వెనక నుంచి గట్టిగా హత్తుకుంది. లోపలి నుంచి నలుగురు వచ్చారు. ఒక నడివయసు మనిషి మోకాళ్ల మీద కూర్చుని, నేను పక్కన పెట్టిన చెప్పు తీసుకుని సరిగ్గా దాని చోట్లో పెట్టాడు. నా బూటు తగిలి కదిలిన ఇంకో జతను ఒకావిడ సర్దింది. ఏది ఎక్కడ ఉండాలో వాళ్లందరికీ తెలుసు. ఐదారు నిమిషాలకు పిల్ల ఊపిరి కుదుటపడింది. వరుసను ఒక చివర నుంచి మరో చివరకు వేలితో తాకుతూ చూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. నాకు జాలి కలిగింది, కానీ అనుమానం పోలేదు. తనిఖీకి వెళ్లినప్పుడు పిల్లల్ని ఏడిపించినవాళ్లను, ముసలివాళ్లకు మూర్ఛ తెప్పించినవాళ్లను చూసి ఉన్నాను. అందుకని లోపలికి వెళ్లి పద్ధతి ప్రకారం అన్నీ చూశాను. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, పక్కలు, స్నానాల గదిలో బ్రష్షులు. అన్నీ ముగ్గురివే. వచ్చిన నలుగురివీ, వాళ్ల పిల్లలవీ చెప్పులు తలుపు వెనక పాత పేపరు మీద ఉన్నాయి. బయట వరుసలోకి కొత్త జత వస్తే పిల్ల ఒప్పుకోదట. నేను లెక్కపెట్టిన పదమూడు జతల్లో వచ్చినవాళ్లది ఒక్కటి కూడా లేదు.

"అన్నీ మా ఇంట్లోవే సార్. దానికి పొట్టైపోయినవి, ఆయన అరిగిపోయిన బూట్లు, ఊరెళ్లిపోయిన మా అత్తవి. ఏదీ పారీనివ్వదు. పొద్దున్న లేచి అవి చూసుకుంటే గాని పళ్లు తోవనివ్వదు" అంది సుజాత.

ఈశ్వరరావు రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఇంకా నిద్రపోలేదు. పగలు పిల్లను పట్టుకోవడానికి ఇద్దరు ఉండాలని, అందుకే షిఫ్టు మార్చుకున్నానని చెప్పాడు. మోకాళ్ల మీద కూర్చున్న ఆయన కోహ్కాలో ఉంటారు, స్టీల్ ప్లాంటులో ఇంజనీరు. ఆయన భార్య కూడా అక్కడే ఉంది. చెప్పు సర్దినావిడ సరిత, క్యాంప్ 2 అనే పేటలో ఉండే కాంట్రాక్టు కార్మికుడి భార్య. నాలుగో మనిషి కుమ్హారి నుంచి వచ్చాడు. అందరి ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలే. రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి బెంచీ మీద పరిచయమయ్యారు. పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు బయటి ఊరి నుంచి వస్తాడు. చూడవలసిన పిల్లలు చాలామంది. పరీక్షలు రెండు మూడు దఫాలుగా జరుగుతాయి. అంతవరకు వాళ్ల చేతిలో ఉన్నది 'పరిశీలనలో ఉంది' అని రాసిన ఓపీ చీటీ మాత్రమే.

బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. హిందీలోనూ తెలుగులోనూ రకరకాల చేతిరాతలు. ఎవరి పిల్ల ఏం తింది, కుక్కరు కూత పడని పిల్లవాణ్ని ఎలా ఊరుకోబెట్టారు, వేలు చూపించి అడగడం ఎలా నేర్పుతున్నారు. వచ్చినవాళ్లలో ఒకరి బాబుకు వెలుతురు గిట్టదు, అందుకు దుప్పట్లు. పింకీకి బెల్లు మోత గిట్టదు, అందుకు తీగ పీకేశారు. ఎవరైనా మధ్యాహ్నం ఒక గంట నిద్రపోవాలనుకుంటే మిగతావాళ్లు ఆ పిల్లను చూసుకుంటారట.

సరిత నాకేసి చూసి హిందీలో, మా ఇంటి చుట్టుపక్కల పిచ్చిపిల్లాడు అంటారు సాబ్, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు అంది.

నోటీసుకు జవాబులో ఇదంతా రాసి, డాక్టరు సర్టిఫికెట్ జతచెయ్యమని నేను సలహా ఇచ్చాను. నిజంగా మంచి సలహా ఇస్తున్నాననే అనుకున్నాను. సుజాత నా మొహంలోకి చూసింది.

"ఏటి రాయమంటారు సార్? డాక్టరు జబ్బుకి పేరెట్టేదాకా దానికి ఏటీ లేదనే కదా మీ లెక్క. పేరు నవంబర్లో వస్తాదో, తర్వాతెప్పుడొస్తాదో. మీ పది రోజులు ముందే అయిపోతాయి. ఈ ఇల్లు మారితే ఆ గుమ్మం మారిపోతాది. దానికి మళ్లీ మొదటి నుంచి నేర్పాల."

నేను కాగితాలు సర్దుకుని వచ్చేశాను. దారిలో మిశ్రాగారు ఒక్కటే అన్నారు, ముందు ఇంట్లోకి వెళ్లి తర్వాత రిపోర్టు రాసి ఉండాల్సింది అని. నాకు కోపం వచ్చింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు కనుక ఆ కోపం ఇంకా ఎక్కువైంది.

అప్పటికీ నమ్మలేదు. గురువారం రాయ్‌పూర్ వెళ్లి ఆసుపత్రి రిజిస్టరు చూపించమన్నాను. పేర్లు చూపించరాదన్నారు. సుజాత చూపించిన చీటీ మీది నంబరు చెప్తే, ఆ నంబరు ఉందని మాత్రం చెప్పారు. ఆదివారం పొద్దున్న, ఎవరూ రాని వేళ, ఆ వీధిలోకి వెళ్లాను. కిటికీలు తెరిచి ఉన్నాయి. గుమ్మం పక్కన పదమూడు జతలూ ఉన్నాయి.

అక్కడ నిలబడి సిగ్గుపడ్డాను. మూడు బుధవారాలు లెక్కపెట్టిన మనిషినైనా, మనుషులు రాని రోజున ఒక్కసారి వచ్చి లెక్కపెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. గుంపు వల్ల చెప్పులు పెరిగాయని చెప్పాలంటే గుంపు లేనప్పుడు తగ్గాయని చూపించాలి. కొత్తగా చేరిన గుమాస్తాకైనా తట్టే విషయమది. నాకు తట్టకపోవడానికి కారణం, జవాబు నాకు ముందే తెలుసని అనుకోవడం.

సోమవారం అధికారి దగ్గరికి వెళ్లి నోటీసు ఉపసంహరించమని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. వాళ్లే జవాబు రాసుకుంటారు, నీ నివేదికను నువ్వే కాదనడం ఎందుకు, రేపు నీ పాత కేసులన్నీ తవ్వుతారు అన్నారు. నా మంచికే చెప్పారు. రిటైర్మెంటుకు నాకు రెండున్నరేళ్లే ఉంది. వాళ్లు జతచేయవలసిన కాగితం ఇంకా పుట్టనే లేదని, అది వచ్చేలోగా గడువు దాటిపోతుందని చెప్పాను. అయితే రాసి ఇవ్వు అన్నారు. రాశాను. 'నేను లెక్కించినవి పాదరక్షలు, వ్యక్తులు కారు. అనుమతి లేని నివాసానికి ఆధారం లేదు.' రెండే వాక్యాలు. పిల్ల సంగతి గాని, వచ్చేవాళ్ల సంగతి గాని రాయలేదు. రుజువు లేనిది రాయకూడదన్నది నా నియమం. ఎనిమిదో రోజున నోటీసు రద్దయింది. చెప్పుల లెక్క మీద ఇక రిపోర్టులు రాయవద్దని ఆఫీసులో అందరికీ ఒక మౌఖిక ఆదేశం కూడా వెళ్లింది. ఆ ఆదేశం ఎక్కడ పుట్టిందో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

మరుసటి జనవరిలో సుజాత మా ఆఫీసుకు వచ్చింది. పింకీకి ఆటిజం అని నిర్ధారణ అయింది. ఆ సర్టిఫికెట్ కుటుంబ వివరాల్లో నమోదు చేస్తే వైద్యం, పాసు, తండ్రి షిఫ్టు, అన్నిటికీ అర్హత వస్తుంది. అది నా పనే. పావుగంటలో పూర్తి చేశాను.

"ఇప్పుడు కాయితం ఉంది సార్. ఇప్పుడు నమ్ముతారు కదా" అంది.

అప్పుడే నమ్మానమ్మా, రాసి కూడా ఇచ్చాను కదా అన్నాను.

"నోటీసు రద్దు చేసినప్పుడు కాపీ ఇచ్చేరు సార్, చదివేను. చెప్పుల లెక్క తప్పని రాసేరు. మేం చెప్పింది నిజమని రాయలేదు."

ఆమె వెళ్లాక ఫైలు తీసి చూశాను. ఆమె చెప్పినట్టే ఉంది.

విచారణ చేసేవాడికి అనుమానం ఉండకూడదని నేను ఇప్పటికీ అనను. అనుమానించినదాన్ని, అది ఉండదనుకున్న రోజున కూడా వెళ్లి చూడాలి అంటాను. ఇంకొకటి నాకు ఆలస్యంగా అర్థమైంది. మా నిబంధనలన్నీ సర్టిఫికెట్ మీది తేదీ నుంచి మొదలవుతాయి. ఆ ఇంటికి సాయం కావలసి వచ్చింది అంతకు ఏడాదిన్నర ముందు నుంచి. ఆ ఏడాదిన్నరలో రైల్వే తరఫున వాళ్ల గడప తొక్కిన సంక్షేమ ఉద్యోగిని నేనొక్కడినే. నేను వెళ్లింది నోటీసు ఇవ్వడానికి.