గంజి నూలు కట్టిన ఓడ

మా ముత్తాత చంద్రయ్య సిరిసిల్లలో కులపెద్ద. ఆయన వచ్చి కూర్చున్నాకే పంచాయితీ మొదలయ్యేది. తాత రాజేశం బొంబాయి దగ్గరి భివండి వచ్చి అక్కడి నార్పోలిలో నలభై ఎనిమిది సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. మా ఇంట గంజి పెట్టిన పడుగు నూలు తెగదని తోటి సేట్లు కూడా ఒప్పుకునేవారు. ఈ మాటలు చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. సిగ్గుపడవలసింది వేరే ఉంది. మొన్న కాల్హేర్‌లో నేను పనిచేసే గోదాములో కొవ్వొత్తుల పెట్టె ఒకటి ఎండకు కరిగి కారింది. ఆ మైనం వాసనకు లచ్చన్న గుర్తొచ్చి, సరుకు లెక్కపెట్టడం మరిచి అక్కడే నిలబడిపోయాను.

లచ్చన్న మా కార్ఖానాలో సాంచెలు బాగుచేసే మేస్త్రీ. ఊళ్లో గుంటెడు భూమి లేక బతకవచ్చినవాడు. సాంచెల మోతకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోతూ ఉంది. వయసులో ఉన్నప్పుడు బొంబాయి రేవులో మూటలు మోశాడు. అక్కడ చూసిన తెరచాప ఓడలు ఆయన కళ్లలోంచి పోలేదు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె విరిగితే పారెయ్యనిచ్చేవాడు కాదు. ఇనుములాంటి ఆ కర్రను నిలువునా సన్నని పలకలుగా చీల్చి, టీ కెటిల్ ఆవిరికి పట్టి వంచి, మూరెడు పొడవు ఓడలు చేసేవాడు. శుక్రవారం కరెంటు సెలవు. ఆ రోజంతా అదే పని.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. సేటు కొడుకునై ఉండి కూలివాడి పక్కన నేలమీద కూర్చోవడమేమిటని మొదట్లో నిలబడే చూశాను.

"చిన్నసేటూ, నిలవడి చూస్తె ఓడ కనవడది, నా బట్టతల కనవడతది. కూసో."

కూర్చున్నాను. మూడేళ్లు, శుక్రవారం శుక్రవారం కూర్చున్నాను. చివరి ఓడ ఇద్దరం కలిసి చేశాం. పైన పలకలు పరిస్తే మూతపడిపోయే లోపలి భాగాన్ని కూడా ఆయన గాజుపెంకుతో గీకి నున్నగా చేయించాడు.

"లోపట ఎవలు చూస్తరు లచ్చన్నా?" అని విసుక్కున్నాను.

"నీళ్లు చూస్తయి సేటూ. గవ్వి లోపటికే వస్తయి."

వరాలా తలావ్‌లో తేల్చి చూశాం. చుక్క నీరు ఎక్కలేదు.

మా బట్ట కొనే బొంబాయి వ్యాపారి ఒకాయన ఆ ఓడను చూశాడు. తన బావమరిదికి ఇలాంటి అలంకార వస్తువులు చేయించే దుకాణం ఉందన్నాడు. తెరచాపలు, తాళ్లు కట్టి పూర్తిచేస్తే వానలు వెళ్లాక మళ్లీ వచ్చి చూస్తానని, పని నచ్చితే లచ్చన్నను అక్కడ పెట్టిస్తానని చెప్పాడు. మోత లేని పని. మిగిలిన చెవి దక్కుతుంది. సరిగా విన్నానో లేదోనని లచ్చన్న ఆ మాట నాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు.

తాళ్ల కోసం ఆయన చేపల వల దారం తెచ్చి మైనం రుద్దుతున్నాడు. నాకు నచ్చలేదు.

"మా ఇంటి నూలుండంగ బజారు దారమెందుకు?"

"గంజి నూలు సాంచె మీదికి మంచిది సేటూ. వానలకు వదులైతది. గంజికి బొద్దింకలొస్తయి."

"మా తాత గంజికే వంక వెడుతున్నవా? నేను చెప్పిన గదా, అదే కట్టు."

లచ్చన్న వల దారం పక్కన పెట్టాడు. మైనం ముద్దను కాగితంలో చుట్టి గూట్లో పెట్టాడు. "సరే. మీ ఇల్లు, మీ నూలు" అన్నాడు. అదే నూలుతో, ఒక్క ముడి కూడా కనిపించకుండా కట్టాడు. పూర్తయ్యాక నాన్న దాన్ని తన గదిలో బల్లమీద పెట్టించి గుడ్డ కప్పాడు. ఆ గదిలోకి మేస్త్రీలు వెళ్లకూడదు.

వానలు వెళ్లాయి. వ్యాపారి వచ్చాడు. లచ్చన్న ఉతికిన చొక్కా వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. నాన్న గుడ్డ తీశాడు. తాళ్లు సగం వేలాడుతున్నాయి, సగం బొద్దింకలు కొరికేశాయి. తెరచాప కొయ్యలు ఒకదానిమీద ఒకటి ఒరిగిపోయాయి.

"అరే, ఏ తో పానీకే బినా హీ డూబ్ గయా!" నీళ్లు లేకుండానే మునిగిందని వ్యాపారి పగలబడి నవ్వాడు.

నాన్న ముఖం నల్లబడింది. "ఏందిరా లచ్చన్నా, మా ఇజ్జత్ తీసినవ్! గీ నూలు గట్టుమని ఎవలు చెప్పిండ్రు?"

లచ్చన్న నావైపు చూశాడు. నేనే కట్టమన్నానని నేను ఒక్క మాట అంటే చాలు. నేను ఆగింది నాన్నంటే భయంతో కాదు. పరాయివాడి ముందు మా తాత గంజిది తప్పని ఒప్పుకోలేక ఆగాను.

"నేనే కట్టిన సేటూ. సోయి లేకపాయె" అన్నాడు లచ్చన్న.

మరుసటి శుక్రవారం ఆయన గదికి వెళ్లి, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. వినపడే చెవి నావైపు తిప్పి విన్నాడు.

"మూడేండ్లు నా పక్కకు కూసున్నవు చిన్నసేటూ. మొన్న లేచి నిలవడ్డవు. గంతే."

ఇంకో రెండేళ్లు మా సాంచెల మధ్యే పనిచేశాడు. రెండో చెవీ పోయింది. మళ్లీ ఓడ చేయలేదు. ఊరికి వెళ్లిపోయి అక్కడే చనిపోయాడని తెలిసింది. నేను వెళ్లలేదు; ఏ ముఖంతో వెళ్లను?

ఇప్పటికీ సెలవురోజు ఓడలు చేస్తాను. లోపలి పలకలు గాజుపెంకుతో గీకుతాను, తాళ్లకు మైనం రుద్దుతాను. ఎవరైనా అడిగితే లచ్చన్న నేర్పాడని చెప్పాలని ఉంటుంది. ఎవరూ అడగరు. నాన్న చనిపోయిన ఏడాదే నలభై ఎనిమిది సాంచెలనూ తుక్కు కింద తూకానికి అమ్మేశాం. నాన్న బల్లను, దానిమీదే ఉండిపోయిన ఆ కొయ్యలొరిగిన ఓడతో సహా, పాత సామాన్ల వ్యాపారికి అమ్మాం.