జల్లెడ మీది పలకలు

సూరత్ దగ్గర కిమ్ ఊరు దాటాక చెరుకు తోటల మధ్య వేసిన ఆ చమురు రిగ్గు మీద నేను జియాలజిస్టును. బావిలోంచి పైకొచ్చే రాతి ముక్కల్ని చూసి, కింద ఏ పొరలో ఉన్నామో చెప్పడం నా పని. నా మాటకు తిరుగులేదని నాకో పొగరు. నాతో వాదించేకంటే గోడకు తల బాదుకోవడం నయమని మా అమ్మ విసుక్కునేది. అదేదో బిరుదు ఇచ్చినట్టు సంబరపడేదాన్ని.

మా పనిలో ఒక అలవాటుంది. బిట్టు, అంటే పైపు చివర తవ్వే మొన, నమిలిన ముక్కలు కందిపప్పు బద్దలంత ఉంటాయి. అవే ఆ లోతులోని రాయి. అంతకంటే పెద్దవి కనబడితే అవి పైన గోడ నుంచి ఊడిపడ్డవి. ఆ లోతువి కావు కాబట్టి ఏరి పారేస్తాం. మాకు నేర్పిందీ అదే, నా కింద పనిచేసినవాళ్లకు నేను నేర్పిందీ అదే. నా ట్రేలో ఒక్క పెద్ద ముక్క ఉంటే ఒట్టు.

ఆ బావిని నిటారుగా కాక ఏటవాలుగా తవ్వుతున్నాం. కింద షేలు అనే పొరల బంకరాయి, సన్నటి బొగ్గు, మళ్లీ షేలు. పూతరేకు చుట్టను ఏటవాలుగా కోస్తే అంచులు పొరలుపొరలుగా విడిపోతాయి చూడండి, అలాంటి రాయి. గోడ కూలకుండా ఆపేది బావి నిండా ఉండే మడ్ ఒక్కటే. మడ్ అంటే మట్టీ నీళ్లూ బరువు కోసం వేసే పొడీ కలిపిన చిక్కటి బురద. అది పైకి మోసుకొచ్చే ముక్కలు బావి పక్కన ఊగే పెద్ద జల్లెడ మీద మిగులుతాయి. ఆపలేకపోతే గోడ కూలి లోపలి పైపును పట్టేసుకుంటుంది. ఇక లాగినా రాదు, తిప్పినా తిరగదు.

పగటి షిఫ్టు డ్రిల్లర్‌ది వరంగల్ వైపు. కుర్రతనంలో సూరత్ పాండేసరలోని బట్టల మిల్లులో పనికొచ్చి, తర్వాత రిగ్గుల్లోకి మారి, ఆ ఊళ్లోనే పర్వత్ పాటియాలో కాపురం పెట్టాడు. కాంట్రాక్టు మనిషి. అంతకుముందు ఇంకో రిగ్గు మీద ఆయన చేతిలో పైపు ఒకసారి పట్టేసింది. మళ్లీ అలా జరిగితే ఇక ఏ రిగ్గూ ఎక్కనివ్వనని కాంట్రాక్టరు చెప్పేశాడట. ఈ సంగతి నాతో ఆయనే చెప్పాడు. "పెద్దపిల్ల పన్నెండు చదువుతున్నది మేడమ్. ఇంకో రెండేండ్లు ఈ పని నిలవడ్తే చాలు" అన్నాడు.

ఒక రోజు మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే దోసిలి నిండా ముక్కలు పట్టుకొని నా క్యాబిన్ ముందుకొచ్చాడు. "మేడమ్, జర ఇవి చూడుండ్రి. జల్లెడ మీద పలకల్లెక్క వస్తున్నయి. రెండు దిక్కుల నున్నగున్నయి."

"పైనుంచి రాలినవండీ అవి. వాటితో నాకేం పని? పారెయ్యండి."

"గవి ఊకె రాల్తయా మేడమ్? పొర ఇడుస్తున్నదేమో..."

"రాళ్లు చదివింది నేనా, మీరా?" అన్నాను. అన్నాను మరి, నోరు ఊరుకోదు కదా! ఆయన ముక్కల్ని మెట్టు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. చెయ్యి కడుక్కొచ్చి నేనే వాటిని చెత్త గుంటలోకి తోసేశాను.

నాలుగింటికి ఆఫీసు నుంచి ఫోన్. పంపు ఒత్తిడి పెరుగుతోంది, గోడ ఊడుతున్నట్టుంది, ముక్కలు ఏ ఆకారంలో వస్తున్నాయని మా పెద్దసారు అడిగారు. ఆకారాన్ని బట్టే మందు. పుల్లల్లా వస్తే మడ్ బరువు పెంచాలి. పలకల్లా వస్తే పెంచకూడదు. బరువెక్కిన మడ్ పొరల మధ్యకు దూరి వాటిని ఇంకా విడదీస్తుంది. అప్పుడు తవ్వడం ఆపి, ముందు ఆ సందులు పూడ్చాలి. ఇదంతా నాకు కొట్టినపిండి. ట్రేలోకి చూశాను. జల్లెడ పట్టడంలో విరిగిన సన్నటి పుల్లలు నాలుగు కనబడ్డాయి. పలకల్ని నేనే పారేశానని చెప్పడానికి నామోషీ. "పుల్లలే సార్" అన్నాను.

బరువు పెంచారు. సాయంత్రానికి జల్లెడ మీద ఊడిపడే ముక్కలు తగ్గాయి. హమ్మయ్య అనుకున్నాను. పొద్దున్నే వెళ్లేసరికి జల్లెడ కనబడటం లేదు. దాని మీదంతా పలకలే, అరచెయ్యంతవి, తడితడిగా, నల్లగా, ఒకదాని మీద ఒకటి జారుతూ వస్తూనే ఉన్నాయి. ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. ఇంకా నంబరు నొక్కుతుండగానే రిగ్గు చప్పుడు మారింది. మోటారు మూలిగింది. పైపు సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. పైన డ్రిల్లర్ కేకలు వేస్తున్నాడు.

మూడు రోజులు లాగారు. బావి వదల్లేదు. చివరికి పైపును పైన కోసి, మిగతాది లోపలే వదిలేశారు.

నాలుగో రోజు సూరత్ ఆఫీసులో విచారణ. పలకలు ఎవరికైనా కనబడ్డాయా అని అడిగారు. డ్రిల్లర్ హిందీలోనే చెప్పాడు, పైపు పట్టేయడానికి ముందు రోజు మధ్యాహ్నమే మేడమ్‌కు చూపించానని. అందరూ నా వైపు తిరిగారు. నా రిపోర్టు బల్ల మీద తెరిచి ఉంది. పుల్లలు అని నా చేతిరాత.

"తెచ్చాడు సార్. కాని పైపు పట్టేసిన రోజు పొద్దున. అప్పటికే ఆలస్యమైపోయింది" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఛీ, ఇప్పుడు రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

డ్రిల్లర్ సార్ల వైపు చూడలేదు. నా వైపే చూశాడు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. "మేడమ్, మీరు అన్నం తినుకుంట ఉన్నరు. యాదికి తెచ్చుకోండ్రి" అన్నాడు, మెల్లగా, నాకేదో మరపు వచ్చిందన్నట్టు.

"ఏమంటున్నాడు?" అని పెద్దసారు నన్ను అడిగారు.

"తప్పు ఒప్పుకుంటున్నాడు సార్" అన్నాను హిందీలో.

డ్రిల్లర్‌కు హిందీ నాకంటే బాగా వచ్చు. నేనన్న ప్రతి మాటా విని, తలుపు తీసుకొని బయటికి నడిచాడు.