ఏరుకొచ్చిన తొక్కలు

సర్జాపుర రోడ్డులో అపార్టుమెంటుకు మారాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అయినా రోజూ సంచెడు చెత్త పోయేది. చెత్త చూస్తే ఇంటి సంగతి చెప్పేయొచ్చు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో కవర్లెక్కువ, ముసలివాళ్లున్న ఇంట్లో తొక్కలెక్కువ. ఈ విద్య నాకు తొంభైల్లో, హెబ్బగోడిలో అబ్బింది.

అక్కడ వరసగా ఎనిమిది అద్దె గదులు. చివర ఇంటి ఓనరమ్మ, ఆమె రెండు బర్రెలు. కూరల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు అందరం ఆ బర్రెల కుడితి తొట్టిలోనే పోయాలి. ఎవరి బకెట్టులో ఏముందో అందరూ చూసేవాళ్లు.

బొమ్మసంద్రలో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఇక మాకు రాగి సంగటి, ఎండుమిర్చి కారమే. అదీ ఆయనకు పెట్టాక మిగిలితేనే నాకు. సంగటికి తొక్కలుండవు, గంజీ ఉండదు. ఖాళీ బకెట్టు చూసి పక్కింటామె, "ఏమక్కా, వండటం ల్యా?" అంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పైగా సంగతి తెలిస్తే గది ఖాళీ చేయమంటారని భయం. మరుసటి రోజు పక్క వీధిలో ఎవరో గింజలు వలుచుకుని పారబోసిన అనపకాయ తొక్కలు కొంగులో ఏరుకొచ్చి, అందరూ చూస్తుండగా తొట్టిలో పోశాను. అలా వారం రోజులు.

ఒకరోజు ఓనరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అనపకాయలు వండితే వీధి కొస వరకూ వాసన వస్తాది. నువ్వు ఎట్ల వండితివమ్మా, పక్కనుండే నాకే రాలేదు?"

"మూత పెట్టి వండినా" అన్నాను. ఆమె నవ్వలేదు.

మర్నాడు పొద్దున చేటెడు అనపకాయలు తెచ్చి గడపలో పెట్టింది. "నా వేళ్లు నొస్తాండాయి, వలిచిపెట్టు. సగం నువ్వు ఉంచుకో" అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ వేళ్లకేం రోగం? అప్పుడే రెండు బర్రెల పాలు పిండి వచ్చిన వేళ్లవి! చేట తిరిగి ఇచ్చేద్దామని లేచాను. ఇవ్వలేకపోయాను, ఆకలి.

ఆ రోజు పులుసు పెట్టాను. మా ఆయన ఎక్కడివని అడిగితే, సంతలో చవగ్గా దొరికాయన్నాను. ఆయన చేటెడు కాయలు వలిచి నల్లబడ్డ నా గోళ్ల వైపు చూశాడు. రెండోసారి వడ్డించుకోకుండా గిన్నె నా ముందుకు జరిపాడు.

"నువ్వు తింటాంటే చూసి ఎన్ని దినాలాయె" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను.