ఆరా డాక్టరమ్మ వీడియో వైద్యం

ఎముకల డాక్టరమ్మకు ఒకటే జబ్బు. పక్కవాళ్ళ కొంపలో ఏముందో చూడందే ఆవిడకు తోచదు. ఆసుపత్రిలో వీడియో వైద్యం మొదలయ్యాక ఆ జబ్బు ముదిరింది. రోగి తెర మీద కనబడడమే ఆలస్యం, "నొప్పెలా ఉంది?" అనకుండా "మీ వెనక ఆ డబ్బాలో ఏముంది?" అనేది. అందరూ ఆవిడకు ఆరా డాక్టరమ్మ అని పేరు పెట్టారు.

ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న జూనియర్ డాక్టరమ్మాయికి తల కొట్టేసినట్టుండేది. డాక్టరమ్మ ఒకసారి భుజం బిగుసుకున్న దర్జీ చేత పై అరలన్నీ తెరిపించింది. మోకాలు మార్చుకున్న ఒకావిడ చేత పెరట్లో కోళ్ళగూడు చూపించుకుంది.

"మేడమ్, వాళ్ళ కోళ్ళతో మనకేం పని?"

"గుడ్లు పెడుతున్నాయో లేదో తెలియొద్దూ?"

ఆ రోజు తెర మీదికి రిటైరైన బస్సు డ్రైవరు వచ్చాడు. తుంటి ఆపరేషన్ చక్కగా కుదిరింది. కానీ వాకర్‌తో నడుస్తూ ఒకసారి పడబోయాడు. అంతే, మంచం దిగనని భీష్మించాడు. ఇలాగే ఉంటే ఇక మంచానికే అంకితమని ఆపరేషన్ చేసిన సర్జన్ తేల్చేశాడు. జూనియర్ పాపం, గంటగంటకూ ఈలేసి లేపి నడిపించే యాప్ ఒకటి ఆయన ఫోన్లో పెట్టించింది.

"దాని నోరు నొక్కేశానమ్మా," అన్నాడాయన. "సర్వీసంతా కండక్టర్ ఈలకు కదిలాను. ఇప్పుడు ఫోన్ ఈలేసినా కదలాలా?"

జూనియర్ ఆయనకు మళ్ళీ నచ్చజెప్పబోయింది. డాక్టరమ్మ మాత్రం చెవులు రిక్కించింది.

"ఆ టపటపలేంటి?"

"వంటింట్లో కుళాయి."

"ఏదీ, చూపించండి."

ఆయన భార్య ఫోన్ అందుకోబోయింది.

"నీ చెయ్యి వణుకుతోందమ్మా, నాకు కళ్ళు తిరుగుతాయి. ఫోన్ ఆయన జేబులో పెట్టి, నువ్వు పక్కనే ఉండు."

పెద్దాయన గొణుక్కుంటూ వాకర్ పట్టుకుని లేచాడు. చొక్కా జేబులోంచి కెమెరా తొంగిచూస్తుంటే తెర మీద బీరువా, దాని పక్క సంచితో సహా ఇల్లంతా ఊగింది. కుళాయి చూపించాడు. అంతలో వీధిలో హారన్ మోగింది.

"ఎవరిదండీ ఆ పాడు హారన్?"

"పాడేంటమ్మా! మా డిపో బండి అది!"

"నేన్నమ్మను. చూపించండి."

పెద్దాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. వాకర్ టకటకమంటూ గుమ్మం దాటి గేటు దగ్గర ఆగింది. తెర నిండా బస్సు. డ్రైవర్ సీట్లో కుర్రాడు బ్రేకేసి, "గురువుగారూ! లేచారా!" అని కేక పెట్టాడు.

అప్పుడు గాని పెద్దాయనకు తానెక్కడున్నాడో తెలియలేదు. "ఒసేయ్, గేటు దాకా వచ్చేశానే!" అన్నాడు. భార్య నవ్వుతూ కళ్ళొత్తుకుంది.

జూనియర్ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. "మేడమ్! అయితే ఆ అరలూ, ఆ కోళ్ళగూడూ..."

"నడవమంటే నొప్పో భయమో గుర్తొస్తుందమ్మా. చూపించమంటే గుర్తురాదు."

"మరి అందరూ అన్నేసి మాటలంటుంటే చెప్పరేం?"

"చెప్పేస్తే నేనూ ఆ యాప్‌లాగే అయిపోనూ!"

"ఇక లోపలికి వెళ్ళనా అమ్మా?" పెద్దాయన గొంతు వినిపించింది.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే జూనియర్ తెర ముందుకు వంగింది.

"మెల్లగా వెళ్ళండి తాతగారూ. కానీ ఆ బీరువా పక్క సంచిలో ఏముందో నాకు చూపించాకే కూర్చోవాలి!"