పెదవి తగలని కప్పులు

ఎమిలీ టీచరు ఇంటికి ఎవరు కొత్తగా వెళ్లినా ముందు చూడాల్సింది ఆవిడ బీరువా. అద్దాల తలుపులున్న టేకు బీరువా, ముందు గదిలో ఒక గోడంతా అదే. దాన్నిండా టీ కప్పులు, సాసర్లు. బంగారు అంచువి, నీలిపూలవి, గుడ్డుపెంకంత పల్చనివి. అది చాలక పక్క గదిలో ఇంకో రెండు బీరువాలు. అవీ చాలక మంచం కింద పెట్టెల్లో గడ్డి చుట్టి దాచినవి. బొల్లారంలో రిసాలా బజారు వెనక ఉన్న ఆ పెంకుటింట్లో కాపురముండేది మాత్రం ఆవిడ, ఆవిడ భర్త జీవరాజు, అంతే. ఇద్దరూ టీ తాగేది స్టీలు గ్లాసుల్లో.

"మనుషులం ఇద్దరం, కప్పులేమో ఊరంత. వీటిక్కూడా రేషను కార్డు రాయించాలి," అనేవాడు జీవరాజు. రైల్వేలో గుమస్తాగా రిటైరైన మనిషి. పేపరు చదవడం, పెళ్లాన్ని ఆటపట్టించడం తప్ప మరో పని పెట్టుకోలేదు.

ఎమిలీ మిషన్ స్కూల్లో భూగోళం చెప్పి రిటైరైంది. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి సికింద్రాబాద్ పాత బజారులో వేలంపాటకి వెళ్లేది. బదిలీ అయిన మిలటరీ ఆఫీసర్లు, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్లు తమ సామానంతా అక్కడ పడేసి పోయేవారు. పియానోలు, మంచాలు, నిలువుటద్దాలు అయ్యాక చివర్లో పింగాణీ వచ్చేది. అప్పటిదాకా ఎమిలీ బెంచీ మీద కదలకుండా కూర్చునేది. "ఇంకెన్నాళ్లు కొంటావు?" అని భర్త అడిగితే, "ఈ ఒక్క సెట్టు కుదరనీయండి, మానేస్తాను," అనేది. అబద్ధం కాదు. కానీ సాసరు దొరికితే దాని కప్పు ఉండేది కాదు. కప్పు దొరికాక పాలగిన్నె లోటు కనిపించేది. కొన్న ప్రతి వస్తువూ ఇంకో వస్తువు జాగాను ఖాళీగా చూపించేది.

ఆవిడది పిచ్చి అని కొట్టిపారేయడం సులువు. ఆ పిచ్చి ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. రేపల్లె దగ్గర ఒక మాలపల్లె. ఎమిలీకి ఎనిమిదేళ్లప్పుడు వాళ్లమ్మ రోసమ్మ ఊడ్పుల కూలి అందుకుని కూతురికి కాఫీ తాగిద్దామని సెంటరుకి తీసుకెళ్లింది. హోటలు వెనక గోడకి మేకులు, మేకులకి కొబ్బరిచిప్పలు. ఒకటి తీసి కడుక్కుని, దూరంగా పట్టుకు నిలబడితే హోటలువాడు చెయ్యెత్తి పైనుంచి పోశాడు. సగం పిల్ల వేళ్ల మీద పడింది. బొబ్బలెక్కాయి. తాగి, చిప్ప మళ్లీ కడిగి, మేకుకే తగిలించి వచ్చారు. ఎమిలీ మిషన్ బోర్డింగులో చదివి, ట్రైనింగయ్యి, సికింద్రాబాద్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. మొదటి జీతంతో తల్లికి ఒక పింగాణీ కప్పు కొంది. ఎవరింటికీ తీసిపోని కప్పు. అక్కణ్ణించి మొదలైంది.

ఇంతవరకు ఆవిడ పక్షాన ఎవరైనా నిలబడతారు. నేనూ నిలబడతాను.

ఆ ఇంట్లో పనిచేసే లచ్చమ్మ రైలు పట్టాలకి అవతలి బస్తీ నుంచి వచ్చేది. అంట్లు, బట్టలు, ఇల్లు. ఆదివారం అదనంగా కప్పులు. ఎమిలీ వేలంలో కూర్చుని కొత్తవి పాడుతుంటే లచ్చమ్మ ఇంట్లో కూర్చుని పాతవాటి దుమ్ము దులిపేది. ఒక్కొక్కటీ దించి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, ఏ అరలోది ఆ అరలోనే పెట్టాలి. పదకొండేళ్లుగా అదే పని. ఆమె చెయ్యి తగలని కప్పు ఆ ఇంట్లో లేదు. ఆమె పెదవి తగిలింది ఒక్కటీ లేదు. ఆమె టీ తాగే సత్తు గ్లాసు వంటింటి కిటికీ ఊచల మధ్య, బయటివైపు ఉండేది. పనయ్యాక దాన్ని తీసి, కడిగి, గుమ్మం బయట నిలబడి చాపితే ఎమిలీ లోపలినుంచి పోసేది. కాస్త పైనుంచి.

ఎనభై నాలుగు ఎండాకాలంలో రోసమ్మకి కళ్లలో శుక్లాలు తీయించడానికి కూతురు ఆమెను బొల్లారం తీసుకొచ్చింది. ఆపరేషనయింది, కట్లు విప్పారు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముసలామె ఇల్లంతా తిరిగి చూసింది. బీరువా ముందు చాలాసేపు నిలబడింది.

"ఏమే, ఇయ్యన్నీ ఎవరు తాగేవి?"

"తాగడానికి కాదమ్మా. దాచుకోవడానికి."

"కప్పు దాచుకోవటం ఏందే? బంగారమా?" అని నవ్వింది.

ఎమిలీ కూడా నవ్వింది.

ఆ సాయంత్రం రోసమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉండగా లచ్చమ్మ ఊచల్లోంచి గ్లాసు తీసింది, కడిగింది, చాపింది. ఎమిలీ పోసింది. లచ్చమ్మ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని తాగి, గ్లాసు కడిగి, ఉన్నచోట పెట్టి వెళ్లిపోయింది.

"ఆ అమ్మాయి గ్లాసు బయట ఎందుకుందే?" రోసమ్మ అడిగింది.

"ఆమే పెట్టుకుందమ్మా. మన పాత్రల్లో తాగదు. వాళ్ల పట్టింపులు వాళ్లవి."

ఎమిలీ ఆ మాట తడుముకోకుండా అంది. ఎప్పుడో తనకి తాను చెప్పుకుని, చెప్పుకుని, నిజమే అనుకునేదాకా వచ్చిన మాట. ఇళ్లలో పనివాళ్లను పెట్టుకున్నవాళ్లం మనలో ఎంతమంది ఇలాంటి మాట ఒకటి సిద్ధంగా ఉంచుకుంటామో ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

రోసమ్మ నమ్మితే అక్కడితో అయిపోయేది. మర్నాడు పొద్దున లచ్చమ్మ రాగానే ముసలామె నేరుగా అడిగేసింది.

"మా ఇంటి పాత్రల్లో తాగవంటగా? మేం కిరస్తానపోళ్లమనా?"

లచ్చమ్మ చీపురు పట్టుకునే ఆగిపోయింది. "ఎవలన్నరు అవ్వా? నాకేం పట్టింపు? మాదిగోళ్లం, మాకేడిది పట్టింపు? పనికి కుదిరిన దినమే అమ్మ అడిగింది, మీరు ఏమిటోల్లని. చెప్పిన. గప్పుడే గీ గిలాస ఇచ్చి, కిటికీల పెట్టుకోమన్నది. లోపటియన్నీ కిమ్మతు కప్పులు, పగుల్తయని."

ఎమిలీ పొయ్యి దగ్గరే ఉంది. అన్నీ వినబడ్డాయి. మీరేమిటోళ్లు అని అడిగినట్టు ఆవిడకి గుర్తులేదు. లచ్చమ్మ చెప్పగానే గుర్తొచ్చింది. అడిగినప్పుడు తను నిలబడ్డ చోటుతో సహా గుర్తొచ్చింది.

రోసమ్మ సాయంత్రం టీ మరుగుతుండగా పెరట్లోకి వెళ్లి, కిటికీ ఊచల్లోంచి ఆ సత్తు గ్లాసు తీసింది. తొట్టి దగ్గర కడిగింది. గుమ్మం బయట నిలబడి రెండు చేతులతో చాపింది.

"అమ్మా, ఏంటిది? లోపలికి రా."

"పొయ్యవే."

"అమ్మా, నీకు కప్పులో..."

"పైనుంచే పొయ్యి. నాకు అలవాటేగా."

ఎమిలీ గిన్నె వెనక్కి తీసుకోబోతే టీ గడప మీద పడింది. తల్లి చేతులు మాత్రం అలాగే చాపి ఉన్నాయి. పోయక తప్పలేదు. రోసమ్మ వెళ్లి బండ మీద కూర్చుని, ఊదుకుంటూ, తొందర లేకుండా తాగింది. గ్లాసు కడిగి ఊచల్లో పెట్టింది. ఆ తర్వాత మామూలుగానే లోపలికొచ్చి, కూరలోకి వంకాయలు తరగనా అని అడిగింది.

ఎమిలీ ఆ రోజు కూర ముట్టలేదు. తనను తాను తిట్టుకుంది, సమర్థించుకుంది, మళ్లీ తిట్టుకుంది. నిజంగా కప్పులు పగులుతాయనే కదా అనుకుంది. మరి పాస్టరుగారికి, స్కూలు హెడ్మిస్ట్రెస్‌కి కప్పుల్లోనే ఇచ్చిందిగా. వాళ్ల చేతుల్లో పగలవా? ఈ ప్రశ్నకి జవాబు వెతకనక్కర్లేదు. అదే బాధ.

మర్నాడు ఆవిడ బీరువా తెరిచి, ఉన్నవాటిలో ఖరీదైన బంగారు అంచు కప్పు తీసి, టీ పోసి, సాసరులో పెట్టి లచ్చమ్మకి అందించింది. లచ్చమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మ."

"ఏం?"

"ఇయ్యాల తాగుమంటవ్. రేపు పగిల్తే?"

"పగిలితే పగలనీ."

"గా మాట పదకొండేండ్ల ముందుగాల అంటే జెర నమ్ముదును." లచ్చమ్మ వరండాలో ఉన్న జీవరాజు వైపు తిరిగింది. "ఏంది సారూ, అమ్మకి జరం గిన వచ్చిందా?"

"జ్వరం కాదు, వాళ్లమ్మ వచ్చింది," అన్నాడు జీవరాజు పేపరు దించకుండానే.

రోసమ్మ కిసుక్కున నవ్వింది. ఎమిలీకి నవ్వు రాలేదు. కప్పు బల్ల మీద పెట్టేసింది.

"తప్పు నాదే లచ్చమ్మా. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"చెప్తే చేస్తవా?"

"చేస్తాను."

"ఐతారం రాను."

"ఆదివారమా?"

"అవ్. మీ దేవుడు ఐతారం సెలవిచ్చిండంటివి గద. నాకు సుత ఇయ్యమను. గీ కప్పులు తుడిచి తుడిచి పరేషానైతున్న. ఒక్కటి జారితే నా గతేందని, కుక్క మొరిగినా చెయ్యి వణుకుతది. శనారం రాత్రి నిద్ర వట్టదు నాకు."

"మరి ఇవన్నీ ఎవరు తుడుస్తారు?"

ఆ మాట ఎమిలీ నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి పోదు.

"ఎవరు కొన్నారో వాళ్లు," అంది రోసమ్మ.

ఆ వారం వేలంలో ఒక కర్నల్ గారింటి టీ సెట్టు వస్తోందని ఎమిలీకి ముందే కబురుంది. పాలగిన్నెతో, చక్కెర గిన్నెతో, ఒక్కటీ తగ్గని నిండు సెట్టు. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, పోతూ పోతూ పై అరలోవి నాలుగు తుడిచేసి వెళదామనుకుని కొంగు దోపింది. మొదటి అర అయ్యేసరికి మెడ పట్టేసింది. రెండో అరలో కప్పులు దించి కింద పెట్టడానికి చోటు లేదు. చాప పరిచింది. చాప నిండింది. వాటి మధ్య అడుగు తీసి అడుగెయ్యాలంటే భయం. లచ్చమ్మ ఇన్నేళ్లూ ఇలాగే, ఇంత భయంతోనే, ఈ ఇంట్లో అడుగులేసింది. ఎమిలీ అప్పుడు బజారులో బెంచీ మీద కూర్చుని చెయ్యెత్తి పాట పెంచుతోంది.

చాలావాటిని ఎక్కడ కొన్నదో కూడా గుర్తుకు రాలేదు. ఒక గులాబీల కప్పు చూసి ఇది మనదేనా అని భర్తను అడిగింది.

"ఇంట్లో ఉంది కాబట్టి మనదే అయ్యుంటుంది," అన్నాడాయన.

మూడో అరలో, అన్నిటికీ వెనక, బీరువా చెక్కకి ఆనుకుని ఒక కప్పు ఉంది. పట్టుకోగానే పిడి ఊడి చేతిలోకి వచ్చింది. విరిగిన చోట పసుపుపచ్చగా ఎండిపోయిన జిగురు. ఎవరో చాలా జాగ్రత్తగా అతికించారు. పిడి గోడవైపు ఉండేలా తిప్పి పెట్టారు. ఎప్పుడు విరిగిందో ఏమో. విరిగిన రోజు లచ్చమ్మ ఎంత వణికి ఉంటుందో, జిగురు ఎక్కడ సంపాదించిందో, ప్రతి ఆదివారం దాన్ని తీసి తుడిచి మళ్లీ అలాగే తిప్పి పెడుతూ ఏమనుకునేదో. ఎమిలీ ఆ ముక్కలు రెండూ ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. బస్సు వేళ దాటిపోయింది. కర్నల్ గారి సెట్టు ఇంకెవరో పాడుకుని ఉంటారు.

వెలుగు తగ్గేదాకా తుడిచింది. ఒక బీరువాలో సగం అయింది. అయినవి అరల్లో సర్దింది. కానివాటిని చూసి, "ఇవి నావి కావు," అంది.

"ఏంటీ?" అన్నాడు జీవరాజు.

"నా చేతులతో కడుక్కోలేనివి నావెట్లా అవుతాయి? వారం వారం చర్చి హాల్లో చేర్చేస్తాను. ఆరాధనలకి, భూస్థాపనలకి టీ ఇస్తారుగా. తాగనివ్వండి."

"పగలగొడతారు."

"పగలనివ్వండి."

జీవరాజు మొదటిసారి పేపరు దించి భార్య ముఖం చూశాడు.

విరిగిన కప్పు సంగతి ఎమిలీ లచ్చమ్మతో ఎత్తలేదు. ఎత్తితే క్షమించినట్టు అవుతుంది. క్షమించాల్సింది తను కాదు. అది మాత్రం ఆవిడకి తెలిసింది.

సోమవారం టీ నాలుగు కప్పుల్లో పోసింది. బంగారు అంచువి కావు, నాలుగూ ఒకే రకం మామూలు తెల్ల కప్పులు. లచ్చమ్మ కాసేపు చూసి, ఒకటి తీసుకుంది. ఎమిలీ వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాగింది. లచ్చమ్మ ఆ కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. కప్పు పట్టుకుని తన పాటికి తాను పెరట్లోకి వెళ్లి బండ మీద కూర్చుంది. రోసమ్మ తన కప్పు తీసుకుని వెనకే వెళ్లి, "జరుగమ్మాయ్," అని పక్కన చతికిలబడింది. లచ్చమ్మ జరిగింది.

బండ మీద మూడో మనిషికి చోటుంది. ఎమిలీ కప్పు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. గడప దాటలేకపోయింది. బయట ఆ ఇద్దరూ ఏదో చెప్పుకుని పకపకా నవ్వారు. దేనికో ఆవిడకి వినబడలేదు. తన టీ అక్కడే నిలబడి తాగింది.