పూల పళ్లెంలో గోరంత ఖాళీ

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే అక్కడినుంచి లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. మా అమ్మాయి సునీత ఏడేళ్లకే డెంగీతో పోయింది. పోయినవాళ్లు తిరిగొచ్చేవాళ్లే అయితే అది ముందు నా దగ్గరికి రావాలి కదా. రాలేదు. అందుకే నమ్మను.

కెనడాలోని సర్రీలో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్లను చూసుకునే ఉద్యోగం నాది. పోయినేడాది నన్ను చెన్ అంకుల్ ఇంటికి వేశారు. ఆయన చైనాలో జీవితమంతా పింగాణీ మీద ఎనామిల్ రంగులతో పూలు వేసిన మనిషి. చక్రవర్తుల కాలంనాటి పళ్లేలను చూసి అచ్చం అలాగే దించేవారు. పూలు ఎంత ఒత్తుగా వేయాలంటే వాటి మధ్య తెల్లదనం కనపడకూడదట.

చేతులు వణుకుతున్నా కూతురు మే కోసం ఒక పళ్లెం వేస్తున్నారు. వేసినంతవరకు పాటరీ స్టూడియోకు తీసుకెళ్లి బట్టీలో కాల్పించుకొచ్చేది నేనే. కాల్చకపోతే ఆ రంగు వేలికి అంటుకొచ్చేస్తుంది.

కుంచె మొన కోసం ఆయన దాన్ని నోట్లో పెట్టుకునేవారు. రంగుల్లో సీసం ఉంటుందని కుంచెలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. నాది అలాంటి మొండితనం. అప్పటికి పళ్లెం అంచున బొటనవేలి గోరంత చోటే మిగిలింది.

"ఒక్క పువ్వే కదమ్మా. ఏం వెయ్యాలో నువ్వే చెప్పు" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే ఆయన్ని హాస్పిటల్లో చేర్చారు. పళ్లేన్ని ఫొటో తీసి, టవల్లో చుట్టి, అదే బీరువాలో పెట్టాను. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఫొటోలో ఆ చోటు ఇప్పటికీ తెల్లగానే ఉంది. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

అంత్యక్రియలయ్యాక మే, నేను కలిసి బీరువా తీశాం. ఖాళీ లేదు. అక్కడ ఒక కనకాంబరం ఉంది. రేకులన్నీ ఒకవైపుకే విచ్చుకుని, అదే రంగు. గోరుతో గీకాను. రాలేదు.

సునీతకు కనకాంబరాలంటే పిచ్చి. మా చర్చిలో ఆడవాళ్లు పూలు పెట్టుకోరు. ఒక ఆదివారం పక్కింటావిడ దాని జడలో పెట్టిన దండను అందరి ముందూ లాగి పారేశాను. అది ఏడవలేదు, తల దించుకుంది. తర్వాతి నెలలోనే పోయింది.

మా ఆయనకు పళ్లెం సంగతి చెబితే, "ఆ పువ్వును ఎప్పుడో ఫోన్‌లో నువ్వే ఆయనకు చూపించుంటావ్‌లే, మర్చిపోయుంటావ్" అన్నారు. చూపించాననే అనుకుందాం. మరి తాళం మాటేమిటి? కాల్చిందెవరు? నాకు తెలియదు.

బీరువా తీసిన రోజు మే పళ్లేన్ని వెలుతురులో పట్టుకుని, "డాడ్ పుస్తకాల్లో ఈ పువ్వు ఎక్కడా లేదు. మీ వైపుదా?" అని అడిగింది. అవునంటే దండ గురించి చెప్పాలి.

"తెలీదు" అన్నాను.

మే పళ్లెం తీసుకుని, తనుండే ఊరు కిచెనర్‌కు వెళ్లిపోయింది. ఆ వచ్చింది నా బిడ్డేనా అంటే చెప్పలేను. అదే అయితే మాత్రం, ఎదురుగా నిలబడి దాన్ని ఎరగనన్నాను.