ఊపిరి పెట్టె ఇంట్లో ఉన్న రాత్రి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. వాటి పేరు చెప్పి జనాన్ని జడిపించడం మాత్రం నాకు మహా సరదా. కాబట్టి నా మాటలు కాస్త జాగ్రత్తగా చదవండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇంటింటికీ వస్తున్న రోజులు. నా తమ్ముడు నారాయణ ధర్మవరంలో మగ్గం నేసేవాడు. మిద్దె మీద నుంచి పడి మెడ ఎముక విరిగింది. ఛాతీ కింద స్పర్శ పోయింది, చేతివేళ్లకు పట్టు పోయింది. వాణ్ణి, మరదలిని పెనుకొండలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

కొన్నాళ్లకు గురక పెడుతూ పెడుతూనే ఊపిరి ఆపేయడం మొదలైంది. హిందూపురం డాక్టరు ఒక చిన్న పెట్టె ఇచ్చి పంపాడు. ముక్కుకు సన్న గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. రాత్రంతా ఊపిరి తీరు అందులో నమోదవుతుంది. క్లిప్పు ఊడితే వాడు పెట్టుకోలేడు, పక్కన ఒకరు మేలుకోవాలి, ఊపిరి మరీ ఎక్కువసేపు ఆగితే లేపాలి అన్నాడు.

మరదలికి నెలల తరబడి కంటినిండా నిద్ర లేదు. "నువ్వు లోపల పండుకోమ్మా, నేను సూసుకుంటా" అన్నాను గొప్పగా.

ఇక్కడి నుంచి టీ అంగడిలో నేను చెప్పే కథ వేరు. తెల్లచీర మనిషి వచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చుందని, నేను గద్దిస్తే మాయమైందని. అంతా కోతలే. నేను పది గంటలకే నిద్రపోయాను.

తెల్లారి మెలకువ వచ్చేసరికి గురక వినబడలేదు. వాడి వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు. చివరికి ముక్కు దగ్గర చెయ్యి పెట్టబోయాను. వాడు కళ్లు తెరిచే ఉన్నాడు.

"రెయ్యంతా బొటనేలు పట్టుకోని లాగతానే ఉంటివి గదన్నా. కండ్లు మూతబడనీలే."

పడుకున్నవాళ్లను మా ఇంట్లో లేపేది అట్లాగే.

"కాలు నీకు యాడ తెలుస్తాదిరా?"

"అదే నాకూ అర్థం కాలే. అయినా గట్టిగానే లాగినావు పో."

మరదలిని అడిగాను. "నేను ఒళ్లు తెలీకుండా పండుకుంటి బావా" అంది. వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది.

పెట్టె హిందూపురం తీసుకెళ్తే, ఊపిరి పదే పదే ఆగిందని, ఆగిన ప్రతిసారీ మెలకువ వచ్చి మళ్లీ అందుకుందని డాక్టరు చూపించాడు. "బాగా లేపినారే పెద్దాయనా" అన్నాడు. తల ఊపాను. ఒక్కోసారి ఒళ్లు తనంతట తానే మేలుకుంటుందని కూడా చెప్పాడు. కావచ్చు. మరి బొటనవేలి సంగతేమిటని అడగాలంటే, నేను నిద్రపోయానని ఒప్పుకోవాలి. పెట్టె అప్పజెప్పి వచ్చేశాను.

రాత్రిళ్లు ముక్కుకు గాలి అందించే ఊపిరి మిషను వచ్చింది. తమ్ముడు బతికాడు. ఎవరొచ్చినా "మా అన్న నిద్ర మాని నన్ను కాపాడినాడు" అంటాడు. ఇన్నేళ్లూ నేను కాదనలేదు.

నారాయణా, లాగింది నేను కాదురా. ఎవరో నాకూ తెలియదు.